ఎర్ర పీలిక

"గ్లాసు ఆమె చేతికివ్వకండమ్మా, నాకివ్వండి" అన్నాడు పానకాలు.

నర్సు ఖైరున్నీసా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మంచం మీద కూర్చున్న కోటేశ్వరి అప్పటికే వణికిపోతోంది. నీళ్ళ గ్లాసు కంటపడితే చాలు, పానకాలు భార్యకు గుండె దడ మొదలవుతుంది. ముచ్చెమటలు పోస్తాయి.

పదేళ్ళుగా ఆమె ఎవరికీ తన చేత్తో మంచినీళ్ళిచ్చి ఎరగదు. ఇంటికొచ్చిన చుట్టాలు బిందెలో వాళ్ళే ముంచుకుని తాగాలి. కూతురి పెళ్ళిలో వియ్యపురాలు మంచినీళ్ళడిగితే వెళ్ళి పెరట్లో దాక్కుంది. అది పొగరనుకుని వియ్యాలవారు రెండేళ్ళు మాట్లాడలేదు.

గుంటూరులో చూపించుకున్న డాక్టర్లలో ఈ ప్రేమ్‌చంద్ నాలుగోవాడు. మొదటి ముగ్గురి మాత్రలూ ఆమెకు నిద్ర తెప్పించాయి గానీ భయం పోగొట్టలేదు.

"దీన్ని కెటమిన్ అంటారు. ఆపరేషన్లప్పుడు మత్తుకిచ్చే మందే" అని మొదటిరోజే చెప్పాడు ప్రేమ్‌చంద్. "తక్కువ మోతాదులో ఇస్తే ఇలాంటి గాబరా తగ్గొచ్చని ఈమధ్యే అంటున్నారు. ఖాయమని నేను చెప్పలేను. మాత్రలు పనిచెయ్యలేదు కాబట్టి అడుగుతున్నాను."

మొగుడూ పెళ్ళాలిద్దరూ సంతకాలు పెట్టారు.

ఇవ్వాళ మూడో విడత. మందు పెట్టేముందు డాక్టరు పానకాలును పక్కగదిలోకి పిలిచాడు.

"రెండుసార్లూ నాలుగేసి రోజులు తేలిగ్గానే ఉంది. మళ్ళీ మొదటికొచ్చింది. మందు ఎక్కినప్పుడల్లా ఆవిడ ఒకటే మాట అంటోంది, 'పీలిక తప్పు కట్టా' అని. ఏమిటది?"

పానకాలు తల వంచుకున్నాడు. నేలకేసి చూస్తూనే చెప్పుకొచ్చాడు.

తొంభై ఏడులో సంగతి. పచ్చ పురుగు పత్తినంతా తినేసిన ఏడాది. పానకాలు రోజూ చేలోకి రెండు డబ్బాలు మోసుకెళ్ళేవాడు. రెండూ పురుగుమందు డబ్బాలే. అదే తెలుపు, అదే మూత. ఒకదాంట్లో మందు. రెండోదాన్ని బూడిదతో తోమి, ఎండబెట్టి, తాగే నీళ్ళు పోసేవాళ్ళు. ఊళ్ళో అందరూ చేసే పనే. ఏది ఏదో తెలియడానికి నీళ్ళ డబ్బాకు ఎర్ర గుడ్డ పీలిక కట్టేది కోటేశ్వరి.

ఆ మధ్యాహ్నం పక్కచేను బుల్లయ్య వచ్చేసరికి పానకాలు గట్టు మీద నురగలు కక్కుతున్నాడు. పక్కనే ఎర్ర పీలిక కట్టిన డబ్బా, మూత తీసి ఉంది. అందులో ఉన్నది నీళ్ళు కాదు.

"వాసన తెలియలేదా మీకు?" అడిగాడు డాక్టరు.

"పొద్దుట్నుంచీ అదే కొడతంటే ఒళ్ళంతా అదే వాసనండి. ఏం తెలుస్తది?" అన్నాడు పానకాలు గబగబా. "పెద్దాసుపత్రిలో పెట్టి ఎట్టాగో బతికించారు. కానీ పీలిక తనే తప్పు కట్టానని ఆమె అప్పట్నుంచీ కుమిలిపోతందండి."

"మీరేమన్నా అన్నారా ఆమెను?"

"పల్లెత్తు మాట అనలేదండి."

అది నిజమే. ఊరు ఊరంతా ఒప్పుకుంటుంది. ఇంకొకడైతే ఆ వారమే పుట్టింటికి తరిమేసేవాడు. పానకాలు మాత్రం ఎవరైనా ఆ సంగతి ఎత్తితే చాలు, తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు. అదీ అతని మంచితనమేనన్నారు జనం.

"ఏమీ అనకపోవడమే ఆమెను తినేస్తోంది పానకాలు గారూ. ఇవ్వాళ మందు ఎక్కేటప్పుడు పక్కనే కూర్చోండి. క్షమించానని మీ నోటితో ఒక్కసారి చెప్పండి."

పానకాలు తువ్వాలు దులుపుకుని లేవబోయాడు.

"నేనాండి?"

"మీరు కాక ఇంకెవరు చెప్తారు?"

సెలైన్‌లో మందు బొట్టు బొట్టుగా ఎక్కింది. కోటేశ్వరి వణుకు తగ్గింది. కళ్ళు పైకప్పు మీద నిలిచాయి.

"చేలో ఉన్నా" అంది మెల్లగా. "పీలిక తప్పు కట్టానండీ. నా చేతుల్తో నేనే మీకు ఇసం పోశా."

పానకాలు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చెప్పమన్నట్టు డాక్టరు తల ఊపాడు.

"కోటేశ్వరీ, అది నువ్వు..." అన్నాడు. ఆమె తల తిప్పి అతని మొహంలోకి చూసింది. పదేళ్ళుగా ఆ నోటి నుంచి ఒక్క మాట కోసం ఆమె కాచుకుని ఉంది.

"క్షమించానే" అన్నాడు చివరికి.

కోటేశ్వరి చాలాసేపు ఏడ్చింది. రెండు గంటలకు మత్తు పూర్తిగా దిగింది. మంచం దిగి, వంగి, మొగుడి పాదాలు రెండూ కళ్ళకద్దుకుంది. పానకాలు గోడకానేదాకా వెనక్కి జరిగాడు. అలా మొక్కించుకోవడం అతనికి చచ్చేంత సిగ్గుగా ఉంది.

తర్వాత ఆమె గదిమూల కూజా దగ్గరికి తనంతట తనే వెళ్ళింది. గ్లాసు నిండా నీళ్ళు వంచింది. చెయ్యి వణకలేదు.

"నా చేత్తో ఇస్తన్నా" అంది. "తాగండి."

పానకాలు గ్లాసు ఎత్తి ఆఖరి చుక్కదాకా తాగాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు అనుకుంది ఖైరున్నీసా.

పదేళ్ళ కిందట ఆ మధ్యాహ్నం, చూసినవాళ్ళు పొరపాటనుకోవాలని, నీళ్ళ డబ్బాకున్న ఎర్ర పీలికను తన చేతులతోనే విప్పి మందు డబ్బాకు కట్టాకే పానకాలు దాని మూత తీశాడు.