నా కూతురు కిందుంది

"ఇంక చాలు. రోబోని పైకి లాగెయ్," అన్నాడు కెప్టెన్ గార్లండ్ టల్క్.

తెర ముందు కూర్చున్న మనిషి కదల్లేదు. తెరమీద సముద్రం అడుగున బురద. నిన్నా బురదే, ఇవాళా బురదే.

అతని పేరు సెల్బీ ఫ్రౌడ్. వెతకడానికి అప్పటికప్పుడు అద్దెకు తెచ్చిన రోబోతో పాటు సెయింట్ జాన్స్ రేవులో ఓడెక్కాడు. ఓడలో ఎవరికీ అతని ముక్కూమొహం తెలీదు. ఎక్కిన దగ్గర్నుంచి ఆ కుర్చీ వదల్లేదు. వంటవాడు పంపిన చేపల పులుసు గిన్నెలోనే చల్లారిపోయింది.

"వినపడుతోందా? ఒడ్డునుంచి ఆర్డరొచ్చింది. సబ్‌మెరైన్‌లో వాళ్లకున్న గాలి పొద్దున్నే అయిపోయి ఉంటుందట. తుఫాను ముంచుకొస్తోంది. మిగతా ఓడలన్నీ వెనక్కి మళ్లాయి."

"నా కూతురు కిందుంది కెప్టెన్."

గార్లండ్ అతని కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

మునిగిపోయిన పాత ఓడను చూపిస్తామని అయిదుగురితో కిందికి దిగిన టూరిస్టు సబ్‌మెరైన్ తిరిగి రాలేదు. లోపలున్నవాళ్ల పేర్లు కంపెనీ ఇంకా బయటపెట్టలేదు. ఎవరి బిడ్డలో తెలియకపోవడమే ఒకందుకు నయం అనుకుంటూ వచ్చాడు గార్లండ్. ఇప్పుడు ఆ తెరిపి కూడా పోయింది.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఈ కుర్చీలో కూర్చోనిచ్చేవారా?"

నిజమే. కూర్చోనిచ్చేవాడు కాదు.

"పేరేంటి?"

"లియోనా. ఇరవై రెండేళ్లు." సెల్బీ తెరమీంచి చూపు తిప్పలేదు. "వద్దే, వాతావరణం బాగాలేదన్నాను. నవ్వింది. వచ్చేసరికి ఉప్పుచేపా బంగాళాదుంపలూ వండి ఉంచు నాన్నా అని వెళ్లిపోయింది. చేప నానబెట్టాను కూడా."

గార్లండ్ బయటికి వచ్చాడు. అతనికీ ఇద్దరు ఆడపిల్లలు.

చుక్కాని దగ్గర హేవర్డ్ కాచుకుని ఉన్నాడు. ఓడలో కెప్టెన్ తర్వాత అతనే. ఇద్దరిదీ ఒకే ఊరు, చిన్నప్పుడు ఒకే బెంచీ.

"లాగేశాడా?"

"లేదు. వాడి కూతురుందిట్రా అందులో."

హేవర్డ్ తల పట్టుకున్నాడు. "అయ్యో పాపం. కానీ గార్లండ్, ఆ పిల్ల ఈపాటికి… నీకూ తెలుసు, నాకూ తెలుసు. మనమూ ఇక్కడే మునిగితే మనకోసం వెతకడానికి ఎవడొస్తాడు? మీ తాతా?"

"ఆ మాట వెళ్లి వాడి మొహం మీద చెప్పిరా. అప్పుడు ఓడ తిప్పుతా."

హేవర్డ్ వెళ్లలేదు.

గార్లండ్ రేడియో అందుకున్నాడు. రోబో తాడు చిక్కుకుందనీ, విడిపించుకుని బయల్దేరతామనీ ఒడ్డుకు చెప్పాడు. రేడియోలో అబద్ధమాడటం అతనికి అదే మొదలు.

గాలి హోరు పెరిగింది. అలలు డెక్కు మీదికి ఎగబాకాయి. ఓడ ఒక్కసారి ఒరిగేసరికి గొలుసు తెగి ఒక నావికుడి చెయ్యి విరిగింది. అతని కేకలు ఓడంతా వినిపించాయి. వంటవాడు గిన్నెల మధ్య కూలబడి కెప్టెన్ వంశాన్నంతా తిట్టాడు.

గార్లండ్ మళ్లీ సెల్బీ దగ్గరికి వెళ్లాడు. ఈసారి మనసు రాయి చేసుకుని వెళ్లాడు.

"నావల్ల కాదయ్యా. నా మనుషులు పోతారు. నన్నేం చెయ్యమంటావు?"

సెల్బీ మొదటిసారి ఇటు తిరిగాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కెప్టెన్ చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నీ కాళ్లు పట్టుకుంటాను. పాత ఓడకి అవతలి పక్క చూడలేదు. ఒక్కసారి చూసి లాగేస్తా. చూడకుండా పోయామనుకో… ఆ చూడని పక్కే బతికున్నన్నాళ్లూ కళ్లముందుంటుంది కెప్టెన్. నిద్ర పట్టదు."

గార్లండ్ పక్క కుర్చీలో కూలబడ్డాడు. "కానియ్."

రోబో పాత ఓడను చుట్టి వెళ్లింది. తుప్పు, నాచు, విరిగిన స్తంభం. స్తంభానికి వేలాడుతున్న పాత చేపల వల. ఆ వలలో తెల్లగా ఏదో. గుడ్డులా నున్నగా.

సెల్బీ తెరమీదికి వంగాడు. రోబో కత్తెర ఒక్కో పోగే కోసుకుంటూ పోయింది. అతని వేళ్లు వణకలేదు. పక్కనున్న గార్లండ్ కుర్చీ అంచుకి జరిగాడు. ఆఖరి పోగు తెగగానే సబ్‌మెరైన్ కదిలింది. మెల్లగా, ఆ తర్వాత వేగంగా, పైకి లేచింది.

అలల మధ్య దాన్ని పట్టి డెక్కు మీదికి చేర్చడానికి ఓడలో ఉన్నవాళ్లందరూ తాళ్లు పట్టారు. వంటవాడూ పట్టాడు. మూత విప్పేసరికి లోపల చప్పుడు లేదు. హేవర్డ్ టోపీ తీశాడు.

అంతలో ఎవరో దగ్గారు.

గాలి పొదుపు చెయ్యడానికి పైలట్ అందర్నీ మాట్లాడనివ్వకుండా పడుకోబెట్టాడట. ఒక ముసలాయన, ఒక జంట, పైలట్ వరసగా బయటికి వచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. కానీ బతికే ఉన్నారు. అందరికన్నా వెనక ఒక అమ్మాయి.

"లియోనా!" అని అరిచాడు గార్లండ్. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి అతనికి.

ఆ అమ్మాయి అయోమయంగా చూసింది. "నా పేరు ఇంగ్రిడ్ అండీ," అంది సన్నగా.

సెల్బీ తన కోటు విప్పి ఆ పిల్లకి కప్పాడు. తల నిమిరాడు. తర్వాత రెయిలింగు దగ్గరికి వెళ్లి నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు. మూతలోంచి ఇంకెవరూ రాలేదు.

గార్లండ్ అతని పక్కకు వెళ్లాడు. అడగడానికి భయమేసింది.

"సెల్బీ… మరి నీ కూతురేదీ?"

"కిందే ఉంది కెప్టెన్, తొమ్మిదేళ్ల కిందట చేపల పడవతో ఇక్కడే మునిగింది, తుఫానొస్తోందని అప్పుడు వెతకడం ఆపేశారు."