స్టీరింగు లేని కారు

ఏప్రిల్‌లో ఒక పొద్దున, ఇంటి ముందు మార్లిస్ సుత్తితో కారు స్టీరింగుని కొడుతోంది.

ఆ కారు ఆమె తండ్రి ఆర్విడ్‌ది. ముదురాకుపచ్చ రంగు, ముప్పై అయిదేళ్ల పాతది.

ఆర్విడ్‌కి ఎనభై మూడేళ్లు. ఆ ఊళ్లోనే నలభై ఏళ్లు మెకానిక్కుగా బతికాడు. ఇప్పుడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. కారు నడపడం మాత్రం మరిచిపోలేదు.

కిందటి నవంబరులో డాక్టరు ఫోన్ చేసి సంగతి చెబితే, మార్లిస్ డులూత్ నగరంలో ఉద్యోగం మానేసి వచ్చి తండ్రి దగ్గరే ఉండిపోయింది.

తాళంచెవి దాచింది. ఆయన తీగలు కలిపి స్టార్ట్ చేశాడు.

బ్యాటరీ తీసేసింది. గడ్డి కోసే బండిలోంచి బ్యాటరీ తెచ్చి తగిలించుకున్నాడు. ఆ రోజు ఇంటి ముందున్న పోస్టు డబ్బాని గుద్ది ఆగాడు కాబట్టి సరిపోయింది.

పోనీ అమ్మేద్దామంటే, ఆ సీట్లో కూర్చున్నప్పుడే ఆయన మనసు కాస్త కుదుటపడుతుంది.

అందుకని స్టీరింగే తీసేద్దామనుకుంది.

షెడ్డులో ఏ వస్తువూ ఉండాల్సిన చోట లేదు. ఫోనులో వీడియో చూస్తూ, దొరికిన స్క్రూడ్రైవరుతో హారన్ మూత ఊడబీకింది. పెద్ద పానాతో నట్టు వదులు చేసింది. స్టీరింగు మాత్రం కదల్లేదు.

"సుత్తితో రాదమ్మా. లోపల కడ్డీ దెబ్బతింటుంది."

తలెత్తి చూసింది. డెబ్బై దాటిన మనిషి, నెత్తిన ఉన్ని టోపీ. కారు ముందు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు.

ఎవరి కారని అడిగాడు. మా నాన్నదంది. ఆయనే నడుపుతాడా అని అడిగాడు. నడపకుండా ఆపడానికే ఈ తంటా అంతా అంది.

"ఆయన్ని ఒకసారి పిలుస్తావా?"

ఆ గొంతు కటువుగా ఉంది. మార్లిస్ జవాబు చెప్పేలోగా ఆర్విడే బయటికి వచ్చాడు. చొక్కా గుండీలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, బ్రేకులకా? సాయంత్రం దాకా ఆగాలి. నీకంటే ముందు ఇంకో బండి ఉంది," అంటూ వచ్చినవాడి భుజం తట్టాడు. కాఫీ తాగుతావా అని అడిగాడు.

ఆ మనిషి ఆయన మొహాన్నీ, తప్పిన గుండీలనీ చూశాడు.

"మా ఇంట్లో స్టీరింగు పైకి లాగే పుల్లర్ ఉంది. తెస్తాను," అని మార్లిస్‌కి చెప్పి వెళ్లిపోయాడు.

రాడనుకుంది. అరగంటలో వచ్చాడు. పేరు రెయినో అని చెప్పాడు.

నట్టుని పూర్తిగా తీయకుండా రెండు చుట్లు బిగించే ఉంచాడు. లేకపోతే స్టీరింగు ఒక్కసారిగా ఊడి మొహానికి కొడుతుందట. పుల్లర్ తగిలించి నడిమి బోల్టు తిప్పాడు. టక్కుమని శబ్దమయింది.

పక్క సీట్లో కూర్చుని చూస్తున్న ఆర్విడ్, "పనిమంతుడివే. రేపట్నించి నా షాపుకొచ్చెయ్," అన్నాడు.

రెయినో ఆ స్టీరింగుని కాసేపు ఒళ్లోనే పెట్టుకుని, తర్వాత మార్లిస్ చేతికిచ్చాడు.

ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చేవాడు. ఏలకుల రొట్టె తెచ్చేవాడు. ఇద్దరూ కారులో కూర్చునేవారు. ఆర్విడ్ ఉత్త గాలిలో చేతులు తిప్పుతూ బండి నడిపేవాడు.

"నెమ్మది. ఎవరో రోడ్డు దాటుతున్నారు. ఆగుదాం," అనేవాడు రెయినో.

ఆర్విడ్ ఆగేవాడు.

మార్లిస్ అతని ఇంటి సంగతులు అడిగితే మాట మార్చేసేవాడు. పాత కార్లకి ఈమధ్య గిరాకీ బాగా ఉందని పక్కింటావిడ చెప్పింది. వద్దనుకుంటూనే మార్లిస్ మనసులో అనుమానం పడింది. జూన్‌లో ఒక గురువారం గుమ్మంలోనే ఆపి అనేసింది.

"ఈ కారు మేం అమ్మమండీ. దాని కోసమే అయితే మీరు ఇక రానక్కర్లేదు."

"కారు నాకెందుకమ్మా," అన్నాడు. రొట్టె మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాతి గురువారం ఆర్విడ్ మధ్యాహ్నమంతా కారులోనే కూర్చున్నాడు. కొత్తవాణ్ణి పనిలోంచి తీసేశావా అని కూతుర్ని నిలదీశాడు. మూడో గురువారం అన్నమే ముట్టలేదు.

మార్లిస్‌కి సిగ్గేసింది. రొట్టెల దుకాణంలో రెయినో ఇల్లెక్కడో కనుక్కుని వెళ్లింది. క్షమించమని ఎలా అడగాలో దారిపొడవునా మాటలు కూర్చుకుంది.

తలుపు తీసే ఉంది. ఒక పెద్దావిడ అట్టపెట్టెల్లో పళ్లాలు సర్దుతోంది. రెయినో చెల్లెల్నని, పేరు ఐలీ అని చెప్పింది. అన్నయ్య తొమ్మిది రోజుల కిందట నిద్రలోనే పోయాడని, గుండె ఆగిందని చెప్పింది.

ఆయన ఒకసారి పనిలో సాయం చేశారని మాత్రం మార్లిస్ అనగలిగింది.

ఐలీ ఆమెకి కుర్చీ చూపించింది.

"చేసే ఉంటాడు. వదిన పోయాక మాతో మాట్లాడ్డం కూడా తగ్గించేశాడు. అక్టోబరులో లైబ్రరీ ముందు రోడ్డు దాటుతుంటే ఆవిణ్ణి ఎవరో కారుతో గుద్ది, ఆగకుండా పోయారు. ఆకుపచ్చ కారని తప్ప పోలీసులకి ఏమీ తేలలేదు. చలికాలమంతా వీధులంట తిరిగి అన్నయ్యే వెతికాడు. ఏప్రిల్‌లో దొరికిందన్నాడు. ఎవరిదో నాక్కూడా చెప్పలేదు."

మార్లిస్ కుర్చీలోంచి లేచింది.

"దొరికాక... ఏం చేశారట?"

ఐలీ చేతిలో పళ్లానికి కాగితం చుడుతూ అంది.

"నేనూ అదే అడిగాను. 'ఆ కారు ఇంకెవరినీ గుద్దదులే ఐలీ, స్టీరింగు నేనే ఊడదీశాను' అన్నాడు."