నారింజ రంగు గుడారం

“ఆ మూల లాగి పట్టుకో. వదిలావంటే మళ్ళీ మొదటికొస్తాం.”

ఆమె గుడారం అంచు పట్టుకుని మంచులో మోకాళ్ళ మీద కూర్చుంది. భర్త రాయితో మేకు దిగ్గొట్టాడు. మధ్యాహ్నమే అయినా కొండవాలు మీద వెలుగు పొద్దుగూకినట్టుంది. గాలికి గుడారం బట్ట టపటపా కొట్టుకుంటోంది.

అదే కంపెనీ, అదే సైజు, అదే నారింజ రంగు. అడిగి మరీ కొన్నాడు. స్లీపింగ్ బ్యాగు, కింద పరిచే పరుపు, గ్యాసు స్టవ్ కూడా అవే. పోయిన చలికాలం వాళ్ళ బుజ్జిగాడు ఇలాంటి గుడారంలోనే పడుకుని తెల్లారి లేవలేదు.

లోపల స్టవ్ వెలిగించుకుని, గాలాడకుండా మూసుకుని పడుకున్నాడని చెప్పాడు మంచుకొండల యాత్రకి వాణ్ణి తీసుకెళ్ళిన బృందం నాయకుడు. గుడారాన్ని కత్తితో చీల్చి పిల్లవాణ్ణి బయటికి లాగారట. ఆ పేలికల్ని మంచులోనే వదిలేసి కిందికి పరుగెత్తారట.

తండ్రికి మింగుడుపడలేదు. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. తప్పు బండిదా, నడిపినవాడిదా అన్నది తేలందే ఆయనకి కంటి మీద కునుకుండదు. ఇవాళ అది తేల్చుకోవడానికే వచ్చారు.

“కంపెనీదే అని తేలనివ్వండి. వాళ్ళ గుమ్మం ముందు కూర్చుంటాను. ఎవరు లేపుతారో చూస్తాను,” అంది ఆమె.

“ముందు లోపలికి పద. ముక్కు ఎర్రబడింది.”

“మీదేమన్నా తెల్లగా ఉందా?”

ఏడాదిలో వాళ్ళు ఒకరినొకరు ఎకసెక్కమాడుకోవడం అదే మొదటిసారి. ఇద్దరూ గబుక్కున చూపులు తిప్పుకున్నారు.

ముందు స్లీపింగ్ బ్యాగు చూశారు. ఆమె అందులో దూరి మెడ దాకా జిప్పు లాక్కుంది. కుట్టు కుట్టూ వేళ్ళతో తడిమింది. ఎక్కడా చలి దూరే సందు లేదు.

“ఇది బాగానే కుట్టారు,” అంది అయిష్టంగా.

పరుపు నొక్కి చూశారు. గాలి దిగలేదు. ఆయన బయటికెళ్ళి గుడారాన్ని నాలుగు వైపులా గుంజాడు. రాడ్లు వంగాయి కానీ విరగలేదు. ఒక్కోటీ నెగ్గుతున్నకొద్దీ ఆయన ముఖం వాడిపోతోంది.

ఆమె వెల్లకిలా పడుకుని పైకి చూసింది.

“ఇదిగో, దీనికీ కన్నాలే! చలికి పనికొచ్చే గుడారమని చెప్పి నడినెత్తిన కన్నాలు పెడతారా ఎక్కడైనా? మీకు దొరకని తప్పు నాకు దొరికింది చూడండి.”

పైన అటొకటి ఇటొకటి, వల బిగించిన చిన్న కిటికీలు. వాటికి బయటివైపు కనురెప్పల్లాంటి మూతలు. ఆయన ఆ మూతల్ని ఎత్తి నిలబెట్టాడు.

“కన్నాలు కావే పిచ్చిదానా. గుడారానికి ముక్కులవి. లోపల స్టవ్ వెలిగిస్తే విషగాలి పుడుతుంది. కనబడదు, వాసన రాదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అది బయటికి పోవాలంటే ఈ కిటికీలే గతి. బుజ్జిగాడికి టెంట్ వేయడం కంటే ముందు నేర్పింది ఇదే.”

ఆమె లేచి కూర్చుంది.

ఆయన లోపలికొచ్చి స్టవ్ వెలిగించాడు. విషగాలిని పసిగట్టే మీటరు ఒకటి తెచ్చాడు. దాన్ని తల పెట్టుకునే చోట ఉంచాడు. గిన్నెలో మంచు వేశాడు. అది కరిగింది, నీళ్ళయింది, మరిగింది. మీటరు కూత పెట్టలేదు.

“చాలండీ. ఇంటికి పోదాం,” అంది.

“సగంలోనా?”

“తప్పు కంపెనీదే. నాకు తెలుసు. పదండి.”

“నీకు తెలిస్తే సరిపోదు.” ఆయన ఆమె వైపు చూశాడు. “ఏంటలా వణుకుతున్నావ్? చలా?”

“ఊఁ.”

తన కోటు తీసి ఆమె భుజాల మీద కప్పాడు. ఆమె ఆ కోటు తీసి పక్కన పెట్టేసింది.

ఆయన బయటికెళ్ళి రెండు మూతలూ వాల్చేశాడు. వచ్చి కూర్చుని మీటరు చేతిలోకి తీసుకున్నాడు. మరుగుతున్న నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత మీటరు కీచుమంది. చెవులు చిల్లులు పడేలా, ఆగకుండా.

ఆయన స్టవ్ ఆర్పాడు. తలుపు జిప్పు ఒక్క లాగున తీశాడు. ఇద్దరూ పాకుతూ బయటపడి మంచులో కూలబడ్డారు.

ఆయన మీటరు ఆపేశాడు.

“టెంట్ తప్పేం లేదు. వాడిదే.”

“వాణ్ణి అనకండి.”

“చిన్నప్పట్నుంచి నూరిపోశానే! ఎంత చలేసినా ఆ మూతలు మూయకురా అని చెప్పానే! గంగిరెద్దులా తలూపాడు. ఒక్క ముక్క బుర్రకెక్కించుకోలేదు వెధవ.”

“మీ కాళ్ళు పట్టుకుంటాను. వాణ్ణి తిట్టకండి.”

“మరెవర్ని తిట్టమంటావే?” ఆయన ఆమె వైపు తిరిగాడు. “చెప్పు. ఎవర్ని తిట్టను?”

కొడుకు ప్రయాణానికి ముందు రోజు, హాల్లో వాడు వేసి చూసుకుని ఉంచిన గుడారంలోకి వాడు లేనప్పుడు దూరి, నడినెత్తిన ఆ రెండు కన్నాల్లోంచి చలిగాలి బిడ్డ తల మీద కొడుతుందని, అదే నారింజ రంగు గుడ్డ వెతికి తెచ్చి, దారం కనబడనంత దగ్గర కుట్లతో లోపలినుంచి వాటిని మూసేసింది ఆమే.