దెబ్బలు తినే కూలి

"ఒక్క శనివారానికి దొంగ జట్టు కావాలి వెర్లీన్," అన్నాడు యూనివర్సిటీ ప్రెసిడెంటు తలుపు మూసి. "నలభై మంది చాలు. పరిగెత్తడం రాకపోయినా ఫర్వాలేదు, పడటం వస్తే చాలు."

వెర్లీన్ బ్రష్ క్రీక్ అనే యూనివర్సిటీలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ముప్పై ఏళ్లుగా సామాన్ల మనిషి. చొక్కాలు ఉతికేదీ, హెల్మెట్లు తుడిచేదీ, భుజాలకి కవచాలు బిగించేదీ ఆమే. ఇప్పుడా జట్టు లేదు. ఖర్చెక్కువైందని జూన్‌లో ట్రస్టీలు గుట్టుగా కూర్చుని ఫుట్‌బాల్ ఎత్తేశారు. బయటికి ప్రకటించలేదు గానీ, కుర్రాళ్లకి తెలియకుండా ఉంటుందా? నెల తిరిగేసరికి అందరూ వేరే కాలేజీలు చూసుకుని పోయారు. ప్రెసిడెంటు జీతం మాత్రం ఎవరూ ఎత్తేయలేదు. అదెప్పుడూ ఖర్చు కింద రాదు మరి.

ఒక్క చిక్కు మిగిలింది. సెప్టెంబరులో రాజధానిలో ఉన్న పెద్ద యూనివర్సిటీతో ఆట. ఆ పెద్ద జట్లకి ఏటా మొదట్లో ఒళ్లు విరుచుకోడానికి ఒక బక్క జట్టు కావాలి. డబ్బిచ్చి మరీ పిలిపించుకుని చితక్కొడతారు. నాలుగు లక్షల డాలర్లు! దెబ్బలు తిన్నందుకు కూలి. చివరిదాకా మైదానంలో నిలబడితే డబ్బు వస్తుంది. అసలు వెళ్లకపోతే అంత డబ్బూ ఎదురు వాళ్లకే కట్టాలి.

"ఇది మోసం సార్."

"ఫుట్‌బాల్‌తో పాటు పని పోతున్న మీ నలభై ఒక్క మందికీ ఆర్నెల్ల జీతమిచ్చి పంపిస్తానన్నాను. అది ఆ డబ్బులోంచే ఇవ్వాలి. ఆట లేదంటే ఆ జీతమూ లేదు. ఇప్పుడు చెప్పు, ఏది మోసమో."

ఆ నలభై ఒక్క పేర్లూ వెర్లీన్‌కి కంఠతా వచ్చు. అందరికీ అద్దెలున్నాయి, పిల్లలున్నారు. నలభై ఒకటో పేరు ఆమెదే.

జట్టు కట్టింది. ప్లంబర్లు, చర్చిలో పాడేవాళ్లు, క్యాంటీన్ వంటవాడు డాల్ఫ్, ఆఖరికి ఫిలాసఫీ మాస్టారు కూడా.

"ఇదెక్కడ కట్టుకోవాలమ్మా?" అన్నాడు మాస్టారు ఒక కవచం పొట్ట మీద పెట్టుకుని.

"అది తొడకి, మాస్టారూ."

"మరి పొట్టకి?"

"దేవుడు మీకు ముందే కట్టి పంపాడుగా!"

మొహాలు కనబడితే కొంప మునుగుతుందని అన్ని హెల్మెట్లకీ నల్లద్దాలు బిగించింది. తలో పాత చొక్కా తొడిగి బస్సెక్కించింది.

అరవై వేల మంది జనం. వెర్లీన్ గీత పక్కన నిలబడి ఒకటే మొక్కుకుంది: ఎంత తేడాతో ఓడినా సరే, ఎవడి ఎముకా విరక్కూడదు.

విరగలేదు. అదే విడ్డూరం. డాల్ఫ్ ఊరికే నిలబడ్డాడు, ముగ్గురు వచ్చి గుద్దుకుని వాళ్లే జారిపడ్డారు. మాస్టారు పారిపోబోతూ ఒకడి కాళ్లకి అడ్డం పడ్డాడు. వాడు బంతి వదిలేశాడు. మనవాళ్లంటే ఎంత చులకన కాకపోతే ఇంత బద్ధకంగా ఆడతారు అనుకుంది వెర్లీన్. మూడు వంతుల ఆట అయిపోయినా ఇరువైపులా సున్నాయే. రేడియోలో ఒకడు బ్రష్ క్రీక్ వాళ్ల గుండె ధైర్యం గురించి గొంతు చించుకుంటున్నాడు.

ఆఖరి నిమిషంలో పెద్ద జట్టువాడొకడు బంతి చంకలో పెట్టుకుని, రొప్పుతూ, అటూ ఇటూ తూలుతూ మైదానం చివరి గీత దాటి బోర్లా పడ్డాడు. టచ్‌డౌన్, అంటే ఆరు పాయింట్లు. ఆరు–సున్నా. ఆట ముగిసింది.

ప్రెసిడెంటు ఊగిపోతూ వచ్చాడు. "వెర్లీన్! వీళ్లకి స్కాలర్‌షిప్పులు అక్కర్లేదు, కోచ్ అక్కర్లేదు. ఫుట్‌బాల్ ఎత్తేయడం తొందరపాటేమో. వచ్చే ఏడూ వీళ్లనే ఆడిద్దామా?"

"ముందు జీతాలివ్వండి సార్," అంది వెర్లీన్.

అందరూ బస్సు దగ్గరికి వెళ్లాక బట్టలు మార్చుకునే గదిలో ఆమె ఒక్కతే చొక్కాలు ఏరుతోంది. రూఫస్ వచ్చి తలుపు గడియ పెట్టాడు. పెద్ద యూనివర్సిటీలో ఆమె చేసే పనే చేస్తాడు రూఫస్. ఇద్దరికీ ఇరవై ఏళ్ల స్నేహం.

"నీ వాళ్లలో ఒక్కడి చీలమండకీ బెణక్కుండా చుట్టే టేపు లేదు," అన్నాడు. "టేపు చుట్టకుండా మైదానంలోకి దిగే కాలేజీ కుర్రాణ్ణి నా జన్మలో చూడలేదు. ఎవరు వాళ్లు?"

ఆ టేపు చుట్టే ఇద్దరినీ జులైలోనే పంపించేశారు. వెర్లీన్‌కి ఆ ఆలోచనే రాలేదు.

"ప్లంబర్లు," అంది. "నలభై ఒక్క మంది జీతం రూఫస్! చెక్కు చేతికి వచ్చేదాకా ఎవరికీ చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"నా కాళ్ల జోలికి రాకు తల్లీ! ఐసుంటే ఇవ్వు."

బల్ల మీద కూలబడి ప్యాంటు పైకి లాగాడు. మోకాలు కొబ్బరికాయంత ఉబ్బి ఉంది.

"నేనెవరికి చెప్తాను? మా కుర్రాళ్లు బుధవారం నుంచి సమ్మె. జీతమిస్తే గానీ ఆడం అన్నారు. బాగానే అడిగారు, నన్నడిగితే. కానీ ఆట ఆగితే అరవై వేల టికెట్ల డబ్బు వెనక్కివ్వాలి కదా! మా పెద్దలు లబోదిబోమంటూ పార్కింగు వాళ్లనీ, తోటమాలుల్నీ పోగేసి, మీలాగే నల్లద్దాలు బిగించి మైదానంలోకి తోశారు."

వెర్లీన్ ఐసు సంచి అందిస్తూ ఆగిపోయింది. "మరి ఆ గీత దాటినవాడో? వాడు మాత్రం అసలైన ఆటగాడేగా?"

రూఫస్ ఐసు మోకాలికి అదుముకుని కళ్లు మూసుకున్నాడు.

"యాభై తొమ్మిదేళ్లొచ్చాయి వెర్లీన్. ఇదే నా మొదటి టచ్‌డౌన్."