కింది వరుసలో పేరు

“మా ఆయన నీకేమవుతాడు?” అని చేపలమ్మే ఆవిడ ఒకతె గోడ దగ్గర నన్ను నిలదీసింది.

సునామీలో పోయినవాళ్ళ సంస్మరణ సభ అది. మైకులో పేర్లు చదువుతున్నారు. ఆవిడ గొంతుకు మైకు అక్కర్లేదు. సగం జనం మా వైపు తిరిగారు. అప్పుడే నేను, పోయినవాళ్ళ పేర్లు రాసిన ఆ గోడ మీద, కింది వరుసలో ప్రసిత్ అన్న పేరు కింద బంతిపువ్వు పెట్టబోతున్నాను.

“ఏటా నేనొచ్చేసరికే ఇక్కడ పువ్వుంటోంది. ఈయన ఎవతినో ఉంచుకున్నాడనుకుని నేను పెట్టడమే మానేశాను. తీరా చూస్తే నువ్వు. ఆయన పోయేనాటికి నీకు పాలపళ్ళు కూడా ఊడి ఉండవు.”

“ఆయనెవరో నాకు తెలియదు పిన్నీ. మేం బర్మా నుంచి ఈ దేశానికి కూలికొచ్చినవాళ్ళం. మా అమ్మ ఇక్కడ రొయ్యలు ఒలిచేది. ఆ అలలోనే పోయింది. కాగితాలు లేవని గోడ మీద పేరు రాయలేదు. చిన్నప్పుడు నా చెయ్యి ఈ కింది పేరు దాకే అందేది. అందుకే అమ్మ పువ్వు ఇక్కడే పెడుతూ వచ్చాను.”

ఆవిడ ఆ పేరునీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

“ఇన్నేళ్ళూ ఈ మనిషిని ఊరికే తిట్టిపోశానే” అంటూ కళ్ళు తుడుచుకుంది. నా పువ్వును రెండుగా విడదీసి, సగం తనే పెట్టింది.

మైకులో “ప్రసిత్” అన్నారు.

“మీ అమ్మ పేరేంటే?”

“ఖిన్ న్యో.”

ఆవిడ వేదిక వైపు తిరిగి, చేపల బేరం గొంతుతో ఆ పేరు కేకేసింది.

చదివే ఆయన కాగితంలోంచి తలెత్తి చూశాడు. ఒక్క క్షణం ఆగి, “ఖిన్ న్యో” అన్నాడు, మైకులో.