నిన్న కొన్న మనిషి

ఆఫర్ కాసేపట్లో ముగిసిపోతుందని ఫోన్ తెర ఎర్రగా హెచ్చరిస్తోంది.

"సుంకాలన్నీ వాళ్ళే కట్టుకుంటారట. డబ్బు కట్టేయనా అక్కా?" అన్నాడు తమ్ముడు. అది విదేశీ కంపెనీ సగం ధరకే ఇస్తానంటున్న ఎంబ్రాయిడరీ మిషను. అది లేకే, కుట్టుపని మీద బతికే అక్క దగ్గరికి వచ్చిన పెద్ద బేరాలన్నీ పక్క దుకాణానికి పోతున్నాయి.

"చవగ్గా వస్తోందని ఎగబడితే ఎలారా? ముందు కొన్నవాళ్ళు ఏమన్నారో చూడనీ" అంటూ ఆమె ఫోను అందుకుంది.

అన్నీ పొగడ్తలే.

"చూశావుగా! టైమైపోతోంది, తొందరగా చెప్పు!"

ఆమె వేలు ఒక ఫొటో దగ్గర ఆగిపోయింది.

"వద్దురా. వీళ్ళు దొంగలు."

"నీకెలా తెలుసు?"

ఆమె ఫోను అతని వైపు తిప్పింది. 'నిన్ననే అందింది. నా భార్యకు ఎంతో నచ్చింది' అన్న మాటల పక్కన ఆమె భర్త పగలబడి నవ్వుతున్నాడు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది.

"ఎక్కణ్ణుంచో ఫొటో కొట్టేశారు, వెధవలు!" తమ్ముడు ఆ పేజీ మూసేయబోయాడు.

ఆమె చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండరా, దాచుకోనీ. ఈ ఫొటో మన దగ్గర లేదు."