నలభై మొహాలు

ఇటలీలోని మోదెనాలో, బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడే క్లబ్బులో, ఆ మధ్యాహ్నం రంగులు వేసే పోటీ మొదటి బహుమతి ఎర్మెస్‌కి వచ్చింది. వేలెడంత సైనికులు నలభైమంది, తన చేత్తో రంగులు వేసిన దళం.

సంతోషం పట్టలేక భూతద్దం అడిగి తీసుకుని, ఒక సైనికుణ్ణి దగ్గరగా చూశాడు. కింది పెదవి కింద సన్నటి నీలి గీత. ఆ గీత పెట్టే అలవాటు ఒరెస్తెది. ముప్పై ఏళ్లుగా స్నేహితుడు. వార్నిష్ వేసి తెస్తానని ప్రతి బొమ్మనూ ఇంటికి పట్టుకెళ్లేది అతనే.

"ఈ మొహాలు నువ్వు వేశావు కదరా?" అని పక్కనే ఉన్న అతన్ని అడిగాడు.

ఒరెస్తె తల దించుకున్నాడు. "రెండేళ్ల నుంచి నీ చెయ్యి వణుకుతోందిరా. నువ్వు వేసే బొమ్మల కళ్లు బుగ్గల మీదికి జారిపోతున్నాయి. చూసుకుంటే కుమిలిపోతావని దిద్దాను. ఇప్పుడేమైందని, పతకం నీ మెళ్లోనేగా ఉంది!"

ఎర్మెస్ పతకం తీసి బల్ల మీద పెట్టాడు.

"మెడలో నరం నొక్కుకుపోయిందట, ఈ వణుకు అందుకేనట. రెండేళ్ల ముందే వచ్చుంటే నయం చేసేవాణ్ణని మొన్న డాక్టరు తిట్టాడు. వణుకు నాకూ తెలుసురా. నువ్వు తెచ్చిచ్చిన బొమ్మలు చూసుకుని, పని చక్కగానే ఉందిగా, చేతికేం కాలేదులే అనుకుని వెళ్లలేదు."